పడని మందు - పదిమంది సాక్ష్యము

“ఈ మందు నాకు పడదు.”

నల్లగొండ, పాలమూరు ప్రాంతములలో ఏ ఇంటికి పోయినను, ఏ ఆసుపత్రి వసారాలో కూర్చున్నను, ఈ మాట వినబడుచునే యుండును. ఒకరికి నొప్పి బిళ్ళ పడదు. వేసికొన్న గంటకే ఒళ్ళంతయు దద్దురులు లేచును. ఒకరికి క్షయవ్యాధి మాత్రలు మొదలుపెట్టిన కొద్దినాళ్ళకు అరికాళ్ళు తిమ్మిరులెక్కును. మరియొకరికి కొవ్వు తగ్గించు మాత్ర ఆరంభించినది మొదలు తొడలు, పిక్కలు పీకుచుండును. అదే మందు, అదే మోతాదులో, ప్రక్కింటివారికి ఏ బాధయు కలిగింపదు. “మా నాయనకు గూడ ఇది పడలేదు, మా మేనత్తకును పడలేదు” అని ఇంటి పెద్దలు జ్ఞాపకము చేసికొందురు. అనుభవమునుండి పుట్టిన ఈ “పడదు” అను చిన్న మాటలో ఒక పెద్ద శాస్త్రము ఇమిడియున్నది.

నేడు మేము మనవి చేయదలచినది ఆ శాస్త్రమును గూర్చియు, అందు రోగికి గల పాత్రను గూర్చియు. ఒక్క రోగి “పడలేదు” అన్నచో అది ఫిర్యాదు. పదిమంది అన్నచో అది అనుమానము. వందమంది తాము వాడిన మందు వివరములను, తమ శరీర వివరములను ఒకచోట చేర్చి, అదే మందు పడినవారి వివరములతో పోల్చి చూచుకొన్నచో అది విజ్ఞానమగును. డబ్బు చెల్లించి ఉమ్మి నింపిన గొట్టమును పంపినచో డి.ఎన్.ఏ. వివరములు తెలుపు సంస్థలు ఏర్పడిన ఈ దినములలో, రోగులు తమంత తామే ఇట్టి వివరములను ప్రోగుచేసికొని మందుల దుష్ఫలితములను విచారించుకొనగలమా యను ప్రశ్న దేశదేశముల పుట్టినది. ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. దీనికి మొదలును, దీనికి మిక్కిలి చక్కని ఉదాహరణమును మన తెలుగునాటనే యున్నవి.

మొదట ఒక పాత కథ. పాలమూరునకు మహబూబునగరు అను పేరు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ వలన వచ్చినది. ఆయన కాలమున శస్త్రచికిత్సకు క్లోరోఫారము వాడుచుండిరి. అది పీల్చిన రోగులలో ఎక్కువమంది సుఖముగా నిద్రించి లేచెడివారు. కాని అప్పుడప్పుడు ఒకరు, ఏ కారణమును తెలియకుండ, బల్లమీదనే ప్రాణము విడిచెడివారు. క్లోరోఫారము గుండెను ఆపునా, శ్వాసను ఆపునా యని వైద్యలోకమున పెద్ద వివాదము చెలరేగినది. హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా నుండిన ఎడ్వర్డు లారీ, శ్వాసను కనిపెట్టియున్న చాలును, గుండెకు భయము లేదని దృఢముగా నమ్మినవాడు. నిజాము ఇచ్చిన ధనముతో 1888లో ఒకటియు, 1889లో మరియొకటియు, రెండు హైదరాబాదు క్లోరోఫారము కమిషనులు పనిచేసినవి. రెండవ దానికి లండనునుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చెను. మత్తుమందు ఇచ్చుటలో మొదటి మహిళా వైద్యులలో ఒకరుగా పేరొందిన రూపాబాయి ఫర్దూంజీ ఈ పరీక్షలలో పాల్గొనెను. వందలకొలది జంతువులపై పరీక్షలు జరిపి, ముందు ఆగునది శ్వాసయే, గుండె కాదు అని కమిషను తీర్పు చెప్పెను.

ఆ తీర్పు నిలువలేదు. క్లోరోఫారము తేలికపాటి మత్తులో ఉన్నప్పుడే గుండెను హఠాత్తుగా గతితప్పించి ఆపగలదని 1911లో గుడ్మన్ లెవీ అను వైద్యుడు నిరూపించెను. అంతటి శ్రమ, అంతటి ధనము వెచ్చించిన హైదరాబాదు కమిషను ఎక్కడ పొరబడినది? వారు తమకు అనువైన రీతిలో తాము జరిపిన పరీక్షలను లెక్కపెట్టిరి గాని, బల్లమీద మరణించిన ఆ అరుదైన రోగుల సాక్ష్యమునకు సరియైన విలువ నీయలేదు. వేయిమందికి పడి ఒక్కనికి పడని మందును గూర్చి తెలిసికొనవలెనన్నచో ఆ ఒక్కనినే అడుగవలెను. ఈ పాఠమును మనస్సున ఉంచుకొని ముందునకు పోదము.

క్లోరోఫారము కాలము పోయినది. 1951 ప్రాంతమున సక్సినైల్ కోలీన్ అను కొత్త మందు శస్త్రచికిత్సా మందిరములకు వచ్చినది. మన వైద్యులు దీనిని స్కోలీన్ అను పేరుతో ఎరుగుదురు. ఇది నిద్రపుచ్చు మందు కాదు, కండరములను సడలించునది. రోగికి మత్తు ఇచ్చిన పిమ్మట గొంతులోనికి శ్వాసగొట్టమును పంపుటకు కండరములు సడలవలెను గదా, అందులకై దీనిని సూదిద్వారా ఎక్కింతురు. ఒక్క నిమిషములో ఒళ్ళంతయు సడలును, శ్వాస కండరములు గూడ ఆగును. అయిదు, పది నిమిషములలో మందు బలము పోయి రోగి మరల తానుగా శ్వాసించును. ఇంత త్వరగా బలము పోవుటకు కారణము రక్తములోనుండు బ్యుటిరిల్ కోలీనెస్టరేజ్ అను ఎంజైము. మందును రక్తములోనే ముక్కలు చేయు కత్తెర వంటిది అది.

కొందరిలో ఈ కత్తెర పదును లేనిది. మరికొందరిలో బొత్తిగా లేనిది. అట్టివారికి స్కోలీన్ ఇచ్చినచో పది నిమిషములలో రావలసిన శ్వాస గంటలు గడచినను రాదు. కృత్రిమ శ్వాసయంత్రము ప్రక్కన ఉండి, వైద్యుడు ధైర్యము వీడక కాచుకొనియున్నచో రోగి క్షేమముగా లేచును. యంత్రము లేనిచోట, లేక కారణము తోచనిచోట, ఫలితము చెప్పనవసరము లేదు. టొరంటోలో వెర్నర్ కాలో అను శాస్త్రజ్ఞుడు 1956, 1957 సంవత్సరములలో ఈ తేడా వంశపారంపర్యముగా వచ్చునని చూపి, దానిని కనిపెట్టు రక్తపరీక్షను నిర్మించెను. 1957లో ఆర్నో మొటుల్స్కీ, మందుల దుష్ఫలితములలో కొన్నింటికి పుట్టుకతో వచ్చిన తేడాలే మూలమని ఒక వ్యాసమున సిద్ధాంతీకరించెను. 1959లో ఫ్రీడ్రిచ్ ఫోగెల్ ఈ విద్యకు ‘ఫార్మకోజెనెటిక్సు’ అని పేరు పెట్టెను. మనము దీనిని ఔషధ జన్యుశాస్త్రము అందము.

ఆ దినములలోనే ఇట్టి ఉదాహరణములు మరికొన్ని తేలినవి. మలేరియాకు ఇచ్చు ప్రైమాక్విన్ కొందరి ఎఱ్ఱ రక్తకణములను విరుగగొట్టుటకు జి-6-పి.డి. అను ఎంజైము లోపము కారణమని 1956లో తెలిసినది. క్షయకు వాడు ఐసోనియాజిడ్ కొందరి శరీరములో త్వరగాను, కొందరిలో మెల్లగాను అరుగునని తెలిసినది. మెల్లగా అరుగువారిలో మందు ఎక్కువసేపు నిలిచి నరములను బాధించును. అరికాళ్ళ తిమ్మిరులకు మూలము అదియే. మద్రాసులో 1956లో నెలకొన్న క్షయచికిత్సా పరిశోధన కేంద్రము ఈ విషయమును దక్షిణదేశపు రోగులలో శ్రద్ధగా పరిశీలించెను. నేడు క్షయ మాత్రలతో బాటు బి-6 విటమిను మాత్ర ఇచ్చుట ఇట్టి పరిశోధనల ఫలమే. ఎందరో రోగులు “తిమ్మిరి” అని చెప్పిన మాట లెక్కకెక్కినందున మనకు ఆ చిన్న మాత్ర లభించినది.

ఇక తెలుగునాటి ఉదాహరణమునకు వత్తము. సూర్యాపేట, మిర్యాలగూడ, భువనగిరి, వనపర్తి, నారాయణపేట - ఈ పట్టణములలో దేనికి పోయినను వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయమును, దాని చుట్టు వర్తకవీధియు కనబడును. ఆ వీధులలో నివసించు ఆర్యవైశ్యుల సంగతి ఇది. స్కోలీన్ ఇచ్చిన పిమ్మట శ్వాస తిరిగి రాక గంటలకొలది యంత్రముపై నుండవలసివచ్చిన రోగులలో వైశ్యులు ఎక్కువగా కనబడుచున్నారని మత్తువైద్యులు గ్రహించిరి. ఒక వైద్యుడు ఒక రోగిని చూచినచో అది కాకతాళీయము. పలువురు వైద్యులు తమ అనుభవములను చెప్పుకొన్నప్పుడు అది ఒక జాడ. ఆ జాడను పట్టి కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మనోహరన్, బూపతి ప్రభృతులు, అమెరికాకు చెందిన ఒక్సానా లాక్రిడ్జ్ మున్నగువారితో కలిసి, ఆ ఎంజైమును తయారుచేయు జన్యువును చదివిరి. 307వ స్థానమున ల్యూసీన్ అనునది ఉండవలసినచోట ప్రోలీన్ అనునది చేరినందున కత్తెర నిలువకున్నదని 2006లో ప్రకటించిరి. ఒక్క అక్షరము మారినందున ఒక మాటయే చెడినట్లన్నమాట.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి చెందిన కుమారస్వామి తంగరాజు, అమెరికాలోని హార్వర్డుకు చెందిన డేవిడ్ రైక్, వారి సహచరులు 2017లో ప్రకటించిన పరిశోధన ఈ విషయమును మరింత విశాలమైన వెలుగులో చూపినది. దక్షిణాసియాలోని 260కి పైగా సమూహములకు చెందిన 2,800 మందికి మించినవారి డి.ఎన్.ఏ.ను వారు పోల్చిరి. వానిలో 81 సమూహములు పూర్వమెప్పుడో కొద్దిమంది మూలపురుషులనుండి విస్తరించినవనియు, పిమ్మట తమలో తామే వివాహములు చేసికొనుచు వచ్చినవనియు తేలినది. వైశ్యులు వానిలో ఒకరు. ఆ మూలకాలము రెండువేల మూడువేల ఏండ్ల క్రిందటిదని రైక్ తన గ్రంథమున వ్రాసియున్నాడు. ఆ కొద్దిమంది మూలపురుషులలో ఒకరియందు ఈ జన్యుదోషము ఉండినచో, అది లక్షలమందిలో తరతరములుగా నిలిచిపోవును. వైశ్యులలో ఈ జన్యువు ప్రతులలో నూటికి ఇంచుమించు 20 మారినవే యని ఆయన లెక్క. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండును మారిన ప్రతులే వచ్చువారు నూటికి ఇంచుమించు నలుగురు. స్కోలీన్ అపాయము ముఖ్యముగా ఈ నలుగురికే.

ఇక్కడ రెండు అపోహలను తొలగించుట మా విధి. మొదటిది - ఇది వ్యాధి కాదు. ఈ ఎంజైము లేనివారు నిండు ఆరోగ్యముతో నూరేండ్లు బ్రతుకవచ్చును. ఆ ఒక్క మందును, ఆ కోవకు చెందిన మైవక్యూరియం వంటి మందును తప్పించుకొన్నచో చాలును. వానికి బదులుగా రోక్యురోనియం వంటి మందులు నేడు ఉన్నవి. కావున దీనిని బట్టి ఒకరికి పిల్లనిచ్చుట మానుట, సంబంధము వెనుకకు తీసికొనుట, అవివేకము మాత్రమే. రెండవది - ఇది ఒక కులమునకు పరిమితమైనది కాదు. నూటికి తొంబదియారుగురు వైశ్యులకు ఈ ప్రమాదము లేదు. ఇతరులలో ఎవరికైనను అరుదుగా ఉండవచ్చును. ఇట్టి మూలపురుషుల కథ గల సమూహములు మన దేశమున ఎన్నియో ఉన్నవని చెప్పుకొంటిమి గదా. వానిలో దేనికి ఏ మందు పడదో ఇంకను ఎవరును లెక్కపెట్టలేదు. వైశ్యుల సంగతి బయటపడుట వారి లోపము కాదు. అది మనకందరకు దారి చూపిన దీపము.

మన రెండు జిల్లాల రైతులకు ఈ ఎంజైముతో మరియొక సంబంధమున్నది. ప్రత్తిచేలలో చల్లు ఆర్గానోఫాస్ఫరసు జాతి పురుగుమందులు శరీరములోనికి పోయినచో, ఈ కత్తెరనే మొద్దుబరచును. పురుగుమందు త్రాగినవారిని గాని, పీల్చినవారిని గాని ఆసుపత్రికి తెచ్చినప్పుడు వైద్యులు రక్తములో కోలీనెస్టరేజ్ ఎంత యున్నదని చూచుట అందులకే. దీనినుండి రెండు మాటలు తెలియుచున్నవి. ఈ ఎంజైమును కొలుచు పరీక్ష సామాన్యమైనదే, దేవరకొండ, నాగర్‌కర్నూలు రైతులకు పరిచయమైనదే. అట్లే, ఎంజైము తగ్గిన ప్రతి మనిషియు పుట్టుకతో అట్లున్నవాడు కాడు. నిన్న చేలో మందు కొట్టివచ్చినవాడు కావచ్చును, కాలేయవ్యాధి గలవాడు కావచ్చును. ఒక్క లెక్కను చూచి తీర్పు చెప్పరాదు. మనిషి కథను గూడ అడుగవలెను. రోగుల వివరములను ప్రోగుచేయువారు మొదట నేర్వవలసిన సూత్రము ఇదియే.

ప్రోగుచేయుటలో కిటుకేమి? పడనివారిని మాత్రమే పిలిచి కూర్చుండబెట్టిన ప్రయోజనము లేదు. పడినవారిని గూడ పిలువవలెను. ఇంగ్లండులో కొవ్వు తగ్గించు సింవాస్టాటిన్ మందును దినమునకు 80 మిల్లీగ్రాముల పెద్దమోతాదులో వాడిన ఆరువేలమందిలో కొందరికి కండరములు దెబ్బతిన్నవి. అట్టివారు 85 మంది, ఏ బాధయు లేనివారు 90 మంది - ఈ రెండు గుంపుల డి.ఎన్.ఏ.ను మాత్రమే పోల్చి, ఎస్.ఎల్.సి.ఓ.1బి.1 అను ఒక్క జన్యువులోని తేడాయే ప్రధాన కారణమని 2008లో కనిపెట్టిరి. నూటయెనుబదిమంది కూడ లేరు! మన ఊరి పెండ్లికి వచ్చినంతమంది గూడ కారు. కాని ఎవరు ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నినాళ్ళు వాడిరో ఖచ్చితముగా తెలిసియుండుటచేత ఆ కొద్దిమందితోనే రహస్యము విడినది.

రోగుల లెక్క నిజమును చెప్పుటయే గాక, భ్రమను తొలగించుటకును పనికివచ్చును. నరములు క్రమముగా చచ్చుబడి కండరములు ఉడుగు ఏ.ఎల్.ఎస్. అను క్రూరవ్యాధి యొకటి కలదు. లిథియం అను మందు దానిని నెమ్మదింపజేయునని 2008లో ఇటలీనుండి ఒక వార్త వచ్చినది. ఆశతో పలువురు రోగులు దానిని వాడనారంభించిరి. ‘పేషెంట్స్ లైక్ మీ’ యను సంస్థలో చేరిన రోగులు తమ స్థితిని తామే ఎప్పటికప్పుడు వ్రాసిపెట్టిరి. మందు వాడిన 149 మందిని, అటువంటి స్థితిలోనే ఉండి వాడనివారితో పోల్చి చూడగా, మందు వలన మేలు లేదని తేలినది; 2011లో ఆ ఫలితము ప్రకటితమైనది. ఆశపడిన రోగులే తమ ఆశకు విరుద్ధమైన నిజమును బయటపెట్టిరి. దీనికంటె నిజాయితీ వేరొకటి యుండునా?

ఇప్పుడు ఇంటికి తెప్పించుకొను డి.ఎన్.ఏ. పరీక్షల సంగతి. అమెరికాలో ‘ట్వంటీత్రీ అండ్ మీ’ యను సంస్థ 2007లో వీనిని అమ్మనారంభించినది. మన హైదరాబాదులోనే ‘మ్యాప్‌మైజీనోమ్’ అను సంస్థ ఇట్టి పరీక్షలు చేయుచున్నది. ఇట్టి పరీక్షలు సాధారణముగా డి.ఎన్.ఏ. గ్రంథమంతయు చదువవు, ముందుగా ఎంచిన కొన్ని లక్షల చోట్లను మాత్రము చూచును. ఆ చోట్లను ఎంచుట యూరోపు సంతతివారిపై జరిగిన పరిశోధనలను బట్టియే ఎక్కువగా జరిగినది. మన సమూహమునకే ప్రత్యేకమైన మార్పు ఆ జాబితాలో లేనిచో, ఉన్న దోషము గూడ లేనట్లే కనబడును. “పరీక్షలో ఏమియు లేదు” అను మాట “ప్రమాదము లేదు” అను మాట కాదు. 2013లో ఆ అమెరికా సంస్థ ఆరోగ్య నివేదికలను అక్కడి ఔషధ నియంత్రణ శాఖ ఆపించినది. 2018లో మందులకు సంబంధించిన కొన్ని జన్యువులను తెలుపుటకు అనుమతించినను, దానిని బట్టి రోగి తానుగా మందు మార్చుకొనరాదని హెచ్చరించినది. ఆ హెచ్చరికను మేమును ఇక్కడ మరల చెప్పుచున్నాము. మందు పడలేదని తోచినప్పుడు వైద్యునకు వెంటనే చెప్పవలెను. ఆయనను అడుగక మందు మానుట గూడ ప్రాణాపాయమే.

వివరముల భద్రత మరియొక సమస్య. అదే సంస్థనుండి 2023లో 69 లక్షలమంది వివరములు దొంగల పాలైనవి. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా కోర్టుకు పోయినది. కోటిన్నరమంది వంశవివరములు ఎవరి చేతిలో పడునో యను ఆందోళన పుట్టినది. తుదకు దాని స్థాపకురాలి ధర్మసంస్థ దానిని కొన్నది. ఎవరైనను తమ డి.ఎన్.ఏ.ను బహిరంగముగా దానము చేయుటకై 2011లో ప్రారంభమైన ‘ఓపెన్ ఎస్.ఎన్.పి.’ యను కోశమును, దాని స్థాపకులే మారిన కాలమును తలంచి 2025లో మూసివేసిరి. అప్పుపత్రము పోయినచో మరల వ్రాయించుకొనవచ్చును, డి.ఎన్.ఏ. పత్రము బయటపడినచో మరల మార్చుకొనలేము. పైగా అది ఒక్కనిది కాదు. అన్న తన వివరములను ఇచ్చినచో తమ్మునివి, చెల్లెలివి, పుట్టబోవు బిడ్డలవి గూడ సగము ఇచ్చినట్లే. మేనరికములు గల మన కుటుంబములలో ఈ పంపకము మరింత చిక్కనిది. కావున ఉమ్మడి ఆస్తిని పదిమందిని అడిగి వాడినట్లే, దీనిని గూడ ఇంటివారిని అడిగి వాడవలెను. ఎవరికి ఇచ్చుచున్నాము, దేనికి ఇచ్చుచున్నాము, వెనుకకు తీసికొనవచ్చునా - ఈ మూడు ప్రశ్నలకు వ్రాతపూర్వకమైన సమాధానము లేనిదే ఇయ్యరాదు. వ్యక్తుల వివరముల రక్షణకు మన దేశమున 2023లో చట్టమైనది. చట్టము కాపలాదారు మాత్రమే. తాళపుచెవి మన చేతిలోనే ఉండవలెను.

అయినచో మనము చేయగలిగినది ఏమి? డి.ఎన్.ఏ. పరీక్ష లేకుండనే సగము పని జరుగును. ప్రతి ఇంటిలోను ఒక నోటుపుస్తకమునందు “పడని మందులు” అని ఒక పుట ఉండవలెను. మందు పేరు, పెట్టెమీది తయారీ నంబరు, మోతాదు, మొదలుపెట్టిన తేది, బాధ పుట్టిన తేది, మానిన పిదప తగ్గినదా లేదా, అప్పుడు వాడుచున్న ఇతర మందులు, నాటుమందులు, చేలో చల్లిన పురుగుమందు - ఇవి వ్రాసియుంచవలెను. శస్త్రచికిత్సలో శ్వాస ఆలస్యముగా వచ్చినదని వైద్యుడు చెప్పినచో, ఆ మాటను ఆయన చేతనే చీటీపై వ్రాయించుకొని భద్రపరచవలెను. ఆ రోగి తోబుట్టువులలో ఒక్కొక్కరికి నాలుగింట ఒక పాలు అదే స్థితి ఉండుటకు అవకాశమున్నది. వారందరు రక్తములోని ఎంజైమును కొలిపించుకొనవలెను. పాలమూరునుండి కూలికై బొంబాయికి, పూనాకు పోవు కుటుంబములకు ఈ చీటీ మరింత అవసరము. తెలియని ఊరిలో, తెలియని భాషలో, స్మృతి లేని స్థితిలో బల్లపై పరుండినవాని తరపున మాటలాడునది ఆ చీటీ ఒక్కటే.

ఇంటి పుస్తకములోని మాట దేశపు పుస్తకములోనికి ఎక్కుటకును దారి యున్నది. మందుల దుష్ఫలితములను లెక్కపెట్టుటకు మన ప్రభుత్వము 2010లో ఒక జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. ఘాజియాబాదులోని భారత ఔషధకోశ సంఘము 2011నుండి దానిని నడుపుచున్నది. వైద్యులే గాక రోగులును నేరుగా తెలుపవచ్చును; అందులకై తెలుగులో గూడ పత్రము కలదు. 1800-180-3024 అను నంబరునకు పనిదినములలో ఉచితముగా ఫోను చేసి చెప్పవచ్చును. ఒకప్పుడు ఈ రెండు జిల్లాలవారు వైద్యవిద్యాలయమునకు హైదరాబాదు పోవలసియుండెను. మహబూబునగరులో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ఏర్పడినవి. బీబీనగరులో ఎయిమ్సు వచ్చినది. రోగి చెప్పిన “పడలేదు” అను మాటను చెవినిపెట్టి వ్రాసికొనుట నేర్చిన పడుచు వైద్యులు ఈ కళాశాలలనుండి వచ్చినచో, వానిని స్థాపించిన ఫలము దక్కినట్లే.

కులసంఘములు, వర్తకసంఘములు వివాహవేదికలు నడుపుచున్నవి, సత్రములు కట్టుచున్నవి. అవి పూనుకొన్నచో తమవారిలో ఈ ఎంజైము పరీక్ష చేయించి, ఫలితమును పేరు బయటపెట్టక ఆ మనిషికి మాత్రమే ఇచ్చి, మొత్తపు లెక్కను శాస్త్రజ్ఞులకు అందజేయవచ్చును. దేశములోని పదివేలమంది డి.ఎన్.ఏ.ను చదివిన ‘జీనోమ్ ఇండియా’ ప్రణాళిక వివరములు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినవి, సి.సి.ఎం.బి. గూడ ఆ పనిలో పాల్గొన్నది. అక్షరముల పట్టిక అట్లు సిద్ధమగుచున్నది. కాని ఏ అక్షరము మారినవానికి ఏ మందు పడలేదో ఆ పట్టిక చెప్పదు. అది చెప్పవలసినవారము మనము.

నూటముప్పది యేండ్లకు పూర్వము ఒక నిజాము ధనమిచ్చి, విదేశమునుండి వైద్యుని రప్పించి, వందల జంతువులను అడిగించినను దొరకని సమాధానము, బల్లమీది రోగుల కథలలోనే ఉండినది. నేడు మనకు అంతటి ధనము అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, ఒక చీటీ, ఒక నిజమైన మాట, దానిని పదిమంది మాటలతో కలుపుటకు సమ్మతి - ఇవి చాలును. ఇకమీదట మన ఇంట ఎవరైనను “ఈ మందు నాకు పడదు” అన్నప్పుడు, “నీకు అన్నియు అనుమానములే” అని కొట్టివేయక, ఎప్పుడు, ఎంత, ఎట్లు అని అడిగి ఆ పుటలో వ్రాయుదము. ఆ వ్రాత మనకు ఉపయోగపడకపోవచ్చును. మనము ఎన్నడును చూడని ఏదో ఊరిలో, మన రక్తము పంచుకొన్న ఏదో బిడ్డ మత్తునుండి లేచి కన్నులు తెరచుటకు అది కారణము కావచ్చును.